బేరం ఆడని మనిషి

“నాలుగు వేలండీ” అని చెల్లెలు తల దించుకుంది. ధర చెప్పేటప్పుడల్లా ఆమె గొంతు సన్నబడుతుంది. ఏదో తప్పు చేసి ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది.

ఎదురుగా కూర్చున్నాయన జేబులోంచి ఎనిమిది వేలు తీసి బల్ల మీద పెట్టాడు.

“తక్కువ చెప్పారు. మీ చేతిని మీరే చులకన చేసుకుంటున్నారు” అన్నాడు నెమ్మదిగా.

లోపలి గదిలో ఫ్రేముకు మేకులు కొడుతున్న అక్క సుత్తి ఆగిపోయింది.

అక్కాచెల్లెళ్ళది రెండు గదుల వ్యాపారం. చెల్లెలు పోయినవాళ్ళ ఫోటోలు చూసి నూనె రంగులతో బొమ్మలు వేస్తుంది. అక్క ఫ్రేములు కడుతుంది. ఏడేళ్ళలో రంగుల ధర పెరిగింది, అద్దె పెరిగింది, బొమ్మ ధర మాత్రం పెరగలేదు. ఏడ్చి ఏడ్చి వచ్చినవాళ్ళని ఏ నోటితో అడగమంటావంటుంది చెల్లెలు. అడిగిన ఆ కాస్తా ఎక్కువేమోనని బొమ్మను తనే మోసుకెళ్ళి, వాళ్ళింటి గోడకు తగిలించి మరీ వస్తుంది. “మేకు కూడా మనదే” అని అక్క సణుగుతుంది.

ఆయన ఓ కవరులోంచి మూడు ఫోటోలు తీసి పరిచాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో ఆవిడకి. ఒకదాంట్లో బట్టలు మడతపెడుతోంది. ఒకదాంట్లో కుర్చీలోనే కునుకు తీస్తోంది. మూడోదాంట్లో దువ్వెన పట్టుకుని పక్కకు తిరిగి ఉంది.

“నా భార్య” అన్నాడు. ఫోటోలు ఆమె వైపు జరిపాడు.

“ఇటు చూస్తున్న ఫోటో ఒక్కటైనా ఉందాండీ?”

“ఫోటో తీయించుకోవడం తనకి ఇష్టం లేదు. కళ్ళు మీరే ఊహించి వెయ్యాలి. వచ్చే శనివారానికి కావాలి. ఆదివారం ఇంటికి జనం వస్తారు.”

“కింద పేరు, పోయిన తేదీ...”

“పేరు రాయండి. తేదీకి చోటు వదిలెయ్యండి.”

ఆ తేదీ చాలామంది నోట రాదు. చెల్లెలికి అది అలవాటే. ఇంకేం అడగలేదు.

“పెద్ద వీధి స్టూడియోలో ప్రశ్నలతో ప్రాణం తీశారు. మీరు నయం” అంటూ ఆయన లేచాడు. “బొమ్మ నేనే వచ్చి తీసుకెళ్తాను. మీకు శ్రమ వద్దు.”

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగాక అక్క బయటికొచ్చింది. నోట్లు ఒక్కొక్కటీ కిటికీ వెలుతురులో పట్టి చూసింది.

“దొంగనోట్లు కాదే.”

“మరి ఆ ముఖమేంటి?”

“దొంగవైతే ఎందుకిచ్చాడో తెలిసేది. బేరం ఆడనివాణ్ణి చూస్తే నాకు గుబులు.”

“ధర పెంచమని రోజూ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది నువ్వేగా.”

“నువ్వు పెంచితే పండగ చేసుకునేదాన్ని. వాడు పెంచాడు.”

చెల్లెలు పని మొదలుపెట్టింది. ఎవరి బొమ్మైనా వేస్తుంటే ఎక్కడో ఒకచోట ముఖం కుదురుకుంటుంది. కంటిపాపలో తెల్ల చుక్క పెట్టగానే ఆ మనిషి సర్దుకుని కూర్చున్నట్టు, ఇక లేవనక్కర్లేనట్టు ఉంటుంది. అప్పుడు ఆమె కుంచె కడిగేస్తుంది.

ఈ ముఖం కుదురుకోలేదు.

మూడుసార్లు కళ్ళు గీకేసి మళ్ళీ వేసింది. మూడుసార్లూ అంతే. పొద్దున్నే తలుపు తీసేసరికి ఇప్పుడే ఏదో అనబోయి ఆగినట్టు కనిపించేది. దానికి వీపు పెట్టి కూర్చోలేకపోయింది. అన్నం తినేటప్పుడు గుడ్డ కప్పింది.

“అక్కా, ఇది నన్నేదో అడుగుతున్నట్టుందే.”

“ధరేమో. రెండొందలు తగ్గించు, ఊరుకుంటుంది.”

నవ్వుతూనే అంది గానీ అక్క కూడా ఆ గుడ్డ తియ్యలేదు.

చెల్లెలికి ఒకటే తోచింది. లోపం తన చేతిలోనే ఉంది. ఎనిమిది వేలు పలికే చెయ్యి కాదిది. ఆయన నమ్మి ఇచ్చాడు, తను నిలబెట్టుకోలేకపోయింది. ఆ ఆలోచన మనసులో ముల్లులా దిగి కదిలినప్పుడల్లా గుచ్చుకుంది.

“సగం తిరిగిచ్చేస్తాను” అంది గురువారం.

“ఇచ్చావంటే ఈ సుత్తి నీకప్పజెప్పి నా దారి నేను చూసుకుంటా” అంది అక్క.

శుక్రవారానికే రంగు పైపైన ఆరింది. మధ్యాహ్నం అక్క చెక్క కొనడానికి వెళ్ళగానే చెల్లెలు బొమ్మను కాగితంలో చుట్టింది. ఫోటోలు పెట్టిచ్చిన కవరు మీద ఇంటి చిరునామా అచ్చయి ఉంది. శ్రమ వద్దని ఆయన మొహమాటానికి అని ఉంటాడు. అంత బాధలో ఉన్న మనిషి ఈ బరువు ఒక్కడే మోసుకెళ్ళాలా? చేతిసంచిలో నాలుగు వేలు విడిగా పెట్టుకుంది. అక్కకి తర్వాత చెప్పుకోవచ్చు.

రెండు బస్సులు మారింది. వీధి చివరి ఇల్లు. ఆ వీధిలో పిట్ట కూడా కూయడం లేదు. కాగితం అంచులు చేతుల్ని కోస్తున్నాయి. గేటు తీసి లోపలికి నడిచింది. గుమ్మం ముందు రెండు జతల చెప్పులున్నాయి. ఒకటి ఆడమనిషిది. ఇంకా తీసెయ్యడానికి చేతులు రాలేదు కాబోలనుకుంటే మనసు చివుక్కుమంది.

ఫ్రేము మీద కాగితం ఒక మూల చిరిగింది. అలా ఇవ్వడం బాగోదని మొత్తం ఒలిచేసి, బొమ్మను గుండెలకు ఆనించి పట్టుకుని గంట నొక్కింది. ఏమని చెప్పాలో లోపల్లోపలే అనుకుంది. మీరు ఎక్కువిచ్చారండీ, నా పనికి అంత లేదండీ.

లోపల్నుంచి అడుగుల చప్పుడు దగ్గరైంది. గడియ కదిలింది.

“మావారు ఊళ్ళో లేరండీ, రేపొస్తారు, ఏంటది?” అంటూ తలుపు తీసింది, చెల్లెలి చేతుల్లోని బొమ్మలో ఉన్నావిడ.