ముప్పయ్యో ప్యాకేజీ

"ఒక్కసారి రాసి పెట్టుకుంటే చాలమ్మా, ప్రతిసారీ మొత్తుకోనక్కర్లేదు," అన్నాడు గ్యారేజీ ఓనరు.

బ్రేకుల పని అని నొక్కితే చాలు, ప్యాడ్లు, ఆయిలు, పట్టే టైము అన్నీ వరసగా వచ్చి పడాలి. కౌంటరులో ఆవిడ పొద్దుట్నుంచి అలాంటి ప్యాకేజీలు ఇరవై తొమ్మిది కంప్యూటరులోకి ఎక్కించింది.

ముప్పయ్యోది ఆయనే పక్కన నిలబడి చెప్పాడు.

"పేరు, లిఫ్ట్ జారినప్పుడు. ఒకటి, అంబులెన్సు. రెండు, షట్టరు దించడం. మూడు, నేల కడిగించడం. నాలుగు, పూలదండ. పోయినసారి కాళ్లూ చేతులూ ఆడలేదు నాకు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వుకోకూడదమ్మా."

ఆమె వేళ్లు మూడో లైను దగ్గర ఆగి, మళ్లీ కదిలాయి.

"కారు ఎత్తే ఆ లిఫ్ట్‌ని బాగుచేయించడం కూడా రాయమంటారా అండీ? ఇంకా జారుతూనే ఉంది."

"అది వేరే పని. ఇందులో కలపకు. ఐదు, కొత్త మెకానిక్కు కావాలని ప్రకటన."

గాజు తలుపు అవతల, పైకెత్తిన కారు కింద, కొత్త మెకానిక్కు కూనిరాగం తీస్తూ నట్లు విప్పుతున్నాడు. పెళ్లయి ఆర్నెల్లు కాలేదు.

ఆమె అటే చూస్తూ, ఆయన చెప్పకుండానే ఆరో లైను కొట్టింది: భార్యకు కౌంటరులో ఉద్యోగం.

ఓనరు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"అది తీసెయ్యమ్మా. ఉన్న ఒక్క కుర్చీ పోయినసారే నీకిచ్చేశాంగా."

ఆవిడ ఆ లైను చెరిపేసింది. కుర్చీ ఇంకాస్త ముందుకు లాక్కుంది.