నాలుగో తొట్టి

గిరిబాబు నిక్కరు మీద స్నానపు తొట్ల షోరూమ్ నడుమ నిలబడి, నాలుగో తొట్టి ఇంకా ఎప్పటికి నిండుతుందని గద్దించాడు.

అప్పటికే మూడు తొట్లలో కూర్చుని లేచాడు. మొదటిది ఇరుకన్నాడు. రెండోదాంట్లో నీటి ధార నడుముకు కాక వీపుకు తగులుతోందన్నాడు. మూడోదాని రంగు ఆయన భార్య ఉషారాణికి నచ్చలేదు.

కూర్చుని చూడందే ఆయన ఏదీ కొనడు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు మామగారింట్లోని కుర్చీలన్నిటిలో వరసగా కూర్చుని చూసిన ఘనుడు.

ఈమధ్యే సముద్రం ఒడ్డున మేడ కట్టాడు. మే నెల నెల్లూరు ఎండకు బకెట్లో నీళ్లే కాగిపోతుంటే వేడినీళ్ల తొట్టి దేనికని ఎవరూ అడగలేదు. ఉన్నవాడిని అలాంటివి అడగరు. ఎదురుగా అంత సముద్రం ఉన్నా అందులో దిగడం ఆయనకు నామోషీ. అందులో చేపలు పట్టేవాళ్లు దిగుతారు.

తొట్లకు నీళ్లు పడుతున్నది ట్యాంకర్‌తో వచ్చిన ఒక ముసలాయన. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, తలకు తువ్వాలు. తొట్టి నిండి, హీటర్ స్విచ్ వేశాక వంగి, వేళ్లు మడిచి వాటి వెనకవైపు నీళ్లకు తాకించేవాడు. సరేనన్నట్టు తలూపి పక్కకు జరిగేవాడు.

అది చూస్తే ఉషారాణికి వెలపరం. తాము కూర్చునే నీళ్లలో ఆ చేతులేమిటని షోరూమ్ యజమాని నరేంద్రబాబును అడిగింది. నరేంద్రబాబు ముసలాయనను కసిరాడు. ముసలాయన చెయ్యి లుంగీకి తుడుచుకుని పైపు దగ్గరికి వెళ్లాడు.

నాలుగో తొట్టి నిండింది. స్విచ్ వేయగానే షోరూమ్ మొత్తం కరెంట్ పోయింది. బ్రేకర్ పైకెత్తారు. మళ్లీ పడింది. మూడోసారీ అంతే.

ఎలక్ట్రీషియన్ దారిలో ఉన్నాడు, కాస్త ఆగమని నరేంద్రబాబు బతిమాలాడు. గిరిబాబుకు ఆగడం అలవాటు లేదు.

"ఆ బ్రేకర్ తీసేసి నేరుగా ఇచ్చెయ్యి. మా రొయ్యల గుంటల కాడ మేం చేసేది అదే. అది మాటికీ పడిపోతా ఉంటే గుంటలో ఏరియేటర్లు ఆగిపోతాయి. గాలాడక రొయ్యంతా తేలిపోద్ది."

గుంటల్లో మనుషులు కూడా దిగుతారు కదా అని నరేంద్రబాబు నసిగాడు.

"చూసుకుని దిగమని చెప్పే దింపుతాం," అన్నాడు గిరిబాబు.

పైపు చుడుతున్న ముసలాయన చేతులు ఆగాయి.

"ఏ గుంటలయ్యా?"

"జువ్వలదిన్నె కాడ, ముప్పై ఎకరాలు. గిరిబాబు గుంటలంటే తెలియనోడు ఉండాడా?"

"తెలుసయ్యా," అన్నాడు ముసలాయన.

తన పేరు ట్యాంకర్ మనిషి దాకా పాకినందుకు గిరిబాబు ఛాతీ కాస్త ముందుకు వచ్చింది. పొట్ట అంతకు ముందే వచ్చి ఉంది.

బ్రేకర్ తీసేశారు. నాలుగో తొట్టి గుడగుడమంది. చుట్టూ నీలం దీపాలు వెలిగాయి. ఇది బాగుందని ఉషారాణి మురిసిపోయింది. ముందు తను కాళ్లు పెట్టి చూస్తానని చెప్పులు విడిచింది.

ముసలాయన గబగబా వచ్చి నీళ్లకు వేళ్లు తాకించి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"దిగబాకమ్మా."

ఎందుకని ఎవరూ అడగలేదు. గిరిబాబు అతన్ని రెక్క పట్టి పక్కకు నెట్టాడు. ఉషారాణి కాలెత్తింది.

ముసలాయన గోడ దగ్గరికి వెళ్లి తొట్టి వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తొట్టి ఆగిపోయింది. వైరుతోపాటు దీపాల పెట్టె కూడా ఊడి కిందపడి ముక్కలైంది.

గిరిబాబు అతని చెంప ఛెళ్లుమనిపించాడు.

ముసలాయన జారిపడిన తువ్వాలు తీసి దులుపుకున్నాడు.

"కొట్టండయ్యా. ఆయమ్మని మాత్రం దింపబాకండి," అన్నాడు.

నరేంద్రబాబు అతన్ని బయటికి గెంటించాడు. గిరిబాబుకు అది చాలలేదు. ట్యాంకర్ యజమాని కామాక్షయ్యకు అక్కడికక్కడే ఫోన్ చేసి, ఆ ముసలాడిని పనిలోంచి తీసేశానని అనిపించేదాకా వదల్లేదు. అప్పటికి గాని ఆయన మనసు చల్లబడలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వైరు మళ్లీ తగిలించి, టెస్టర్ మొన నీళ్లకు ఆనించాడు.

ఎర్రగా వెలిగింది.

హీటర్ దెబ్బతిని నీళ్లలోకి కరెంట్ దిగుతోందని, బ్రేకర్ పడిపోయింది అందుకేనని చెప్పాడు. దాన్ని తీసేసిన తెలివైనవాడెవరని అడిగాడు. నరేంద్రబాబు గిరిబాబు వైపు చూశాడు. గిరిబాబు తొట్టి వైపు చూశాడు.

కాళ్లు పెట్టి ఉంటే ఏమయ్యేదని ఉషారాణి అడిగింది. ఎలక్ట్రీషియన్ వైరు పీకేసి దూరంగా పడేశాడు. ఆమె చెప్పులు వేసుకుని గోడవారగా కూలబడింది.

గిరిబాబు మళ్లీ కామాక్షయ్యకు ఫోన్ చేశాడు. ఈసారి గొంతు తగ్గింది. ముసలాయనను వెనక్కి పంపమన్నాడు. ముసలాయన చిన్నపోలయ్య అప్పుడే కావలి బస్సెక్కేశాడని, ఇక పిలిచినా రాడని చెప్పాడు కామాక్షయ్య.

నీళ్లలో కరెంట్ ఉందో లేదో వేళ్లతో కనిపెట్టడం అతనికి ఎవరు నేర్పారని గిరిబాబు అడిగాడు.



"ఎవరూ నేర్పలేదన్నా. కొడుకు పోయినప్పట్నించీ ఏ నీళ్లు కనబడినా అట్టా తాకి చూస్తాడు," అన్నాడు కామాక్షయ్య. "పోయినేడు మీ గుంటలో దిగి, మూర్ఛొచ్చి పోయినాడని మీరు ఇంటికి కబురు పంపినారే, ఆ మాలకొండయ్యకి నాయన."