తుప్పు వదిలించే మందు

చెంప మీద పడ్డ దెబ్బకి తమ్ముడి నోట్లోని వెన్న బిస్కెట్టు ఎగిరి గోడకి తగిలింది. దాని వెనకే ఒక పన్ను.

"మింగు!" అన్నాడు అన్న. అతని అరచేతిలో పసుపురంగు క్యాప్సూల్ ఉంది. "మింగకపోతే రెండోది కూడా రాలుతుంది."

తమ్ముడు నోరు బిగించాడు. అన్న వాడి దవడ పట్టి నొక్కాడు. లారీ షెడ్డులో ఇరవై ఏళ్ళు ఇనుము వంచిన చేతులవి. నోరు తెరుచుకుంది, క్యాప్సూల్ లోపలికి పోయింది. నీళ్ళ గ్లాసు పట్టుకుని వదిన పక్కనే నిలబడింది. ఆవిడ ఏడుపు ఆవిడది.

స్కాన్ తీసిన డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. తమ్ముడి కాలేయానికి ముప్ఫై శాతం కొవ్వు పట్టింది. రోజుకో విటమిన్ ఇ క్యాప్సూల్ వేసుకోవాలి, చెమట పట్టేలా నడవాలి, నూనె, వెన్న మానేయాలి, మందు చుక్క ముట్టకూడదు.

"ఇది యాంటీ ఆక్సిడెంట్. లోపల తుప్పు పట్టకుండా చూస్తుందనుకోండి. మూడు నెలల్లో కొవ్వు పది శాతం లోపుకి రాకపోతే ఇక నా చేతుల్లో ఏమీ లేదు" అంది.

తుప్పంటే అన్నకి తెలియనిదా! ఉప్పుకాగితంతో గీకితే వదలనిదాన్ని సుత్తితో కొట్టి వదిలిస్తాడు. తమ్ముడికీ అదే వైద్యం మొదలుపెట్టాడు.

తమ్ముడు మాత్రం తక్కువ తిన్నాడా! వాడు పనిచేసేది బేకరీలో. పొద్దున్న మింగినట్టు నటించి, క్యాప్సూల్‌ని తీసుకెళ్ళి మైదా బస్తాల వెనక ఉమ్మేసేవాడు. వెన్న ముద్దలు ముద్దలుగా లాగించేవాడు. ఏం పోయేకాలమో, పుట్టి బుద్ధెరిగాక మందు వాసన కూడా చూడనివాడు కొత్తగా తాగడం నేర్చుకున్నాడు.

ఆ సంగతి తెలిసిన రోజు అన్న పెద్ద రెంచీ పట్టుకెళ్ళి బేకరీ అద్దాల బీరువా పగలగొట్టాడు. అడ్డొచ్చిన ఓనరు ముక్కు చితికింది. తమ్ముడికి సీసా అందించిన స్నేహితుడి వీపు బెల్టు దెబ్బలకి విమానం మోత మోగింది.

"నీ తమ్ముడు తింటే నన్ను కొడతావేంటయ్యా?" అని ఓనరు లబోదిబోమన్నాడు.

"అమ్మ పోయాక వాణ్ణి ఈ చేతుల్తో పెంచాను. వాడి కాలేయం పాడైపోతే నేనేమైపోవాలి?" అంటూ అన్న కళ్ళు తుడుచుకున్నాడు.

రక్తం కారుతున్న ముక్కు పట్టుకుని కూడా, నాకిలాంటి అన్న లేకపోయాడే అనుకున్నాడు ఓనరు.

రోజూ పొద్దున్నే తమ్ముడు ముందు పరిగెత్తాలి. వెనక స్కూటర్ మీద అన్న. ఆగితే పిక్కల మీద బెల్టు. కొట్టీ కొట్టీ చివరికి అన్నే ఆయాసంతో హ్యాండిల్ మీద వాలిపోయేవాడు. తమ్ముడితోపాటు తనూ ఉప్పూ కారం మానేశాడు. మనిషి చిక్కి సగమయ్యాడు, పొట్ట ఒక్కటే మిగిలింది. ఎంత ఒళ్ళు మండినా తమ్ముడి పొట్ట మీద మాత్రం ఒక్క దెబ్బ వేసేవాడు కాదు.

రెండో నెలలో తమ్ముడు తిరగబడ్డాడు. స్టూలు ఎత్తి అన్న భుజం మీద వేశాడు.

"నా కాలేయం, నా ఇష్టం! నన్నొదిలెయ్ అన్నా!"

"వదిలేస్తే చస్తాంరా వెధవా!"

"ఆయన్ని కొట్టకయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా!" అని వదిన అడ్డం పడింది. ఆ సందులో అన్న లేచి తమ్ముడి చెయ్యి మెలిపెట్టాడు. చిటికెన వేలు పుటుక్కుమంది.

మర్నాటి నుంచి బేకరీ పనికి పోవడం బంద్. తమ్ముడి కాలికి లారీ గొలుసు పడింది. పరుగుకి విప్పడం, తిరిగొచ్చాక మంచానికి కట్టెయ్యడం. క్యాప్సూల్ మింగాక వదిన వాడి నోట్లో వేలు పెట్టి నాలుక కింద కూడా వెతికేది.

మూడు నెలలు నిండాయి. స్కాన్ గదిలోంచి వచ్చిన తమ్ముడి కమిలిన మొహం చూసి డాక్టరమ్మ ఆగిపోయింది.

"ఏంటీ దెబ్బలు?"

"స్కూటర్ మీంచి పడ్డాడండీ" అన్నాడు అన్న, తమ్ముడి భుజం నొక్కిపట్టుకుని.

"అవునా?" అని ఆవిడ తమ్ముణ్ణే అడిగింది. వాడు తలూపాడు.

ఆవిడ రిపోర్టు తిరగేసింది. "ఆరు శాతం! ఇంత బాగా తగ్గుతుందని నేనే అనుకోలేదు."

అన్న కుర్చీలో కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. "బతికాంరా!" అని తమ్ముణ్ణి కావలించుకున్నాడు. వదిన డాక్టరమ్మకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తమ్ముడూ ఏడ్చాడు. వాడి ఏడుపు ఎంతకీ ఆగలేదు.

"ఇంక ఆలస్యం వద్దు, సోమవారం ఇద్దరూ వచ్చి చేరిపోండి" అంది డాక్టరమ్మ అన్న వైపు తిరిగి, "మీ తమ్ముడి కాలేయంలో సగం కోసి మీకు పెట్టేస్తాం."