రాజమండ్రి కాపీ

యజమాని రాజేంద్ర కొట్టిన దెబ్బకు, కంప్యూటర్ల పని చూసే జీవరాజు కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. పెదవి చిట్లి, నెత్తురు చొక్కా గుండీల మీదుగా జారింది.

"మళ్ళీ అడుగుతున్నాను. రాజమండ్రికి వెళ్ళిందా, లేదా?"

"ఏమీ వెళ్ళలేదండి. మీరు చెప్పగానే ఫైర్‌వాల్ మూసేశాను కదండీ."

నరసాపురం దగ్గరి ఆ రొయ్యల ఫ్యాక్టరీలో ఎవరు ఏ తలుపుకు కార్డు గీకినా సర్వర్‌లో పడుతుంది. గంటకోసారి అదంతా రాజమండ్రిలో ఉండే రాజేంద్ర భాగస్తుడు పల్లంరాజు సర్వర్‌కూ పోతుంది. మధ్యలో ఫైర్‌వాల్ మూస్తే ఇక్కడే ఆగుతుంది. మళ్ళీ తెరిచే పాస్‌వర్డ్ మాత్రం రాజేంద్ర ఎవరికీ ఇవ్వలేదు.

పొద్దున రాజేంద్ర అక్కడే పనిచేసే రెబెక్కా చెయ్యి పట్టుకుంటే, ఆమె మొగుడు విజయ్ పాల్ అతని కాలర్ పట్టాడు. రాజేంద్ర అతణ్ణి చావగొట్టి, ఫ్రీజర్ గదిలోకి తోసి, తన కార్డుతోనే తలుపు బిగించాడు. తెరిచేసరికి విజయ్ పాల్ రొయ్యల పెట్టెల మధ్య కొయ్యబారి ఉన్నాడు. రెబెక్కా జీవరాజుకు సొంత చెల్లెలు.

"అబద్ధమండి," అన్నాడు రాజేంద్ర మనిషి సురేంద్ర, జీవరాజు చేతిని బూటుతో తొక్కుతూ. చిటికెనవేలు పుటుక్కుమంది. జీవరాజు గావుకేక పెట్టాడు.

"నీ నోటిమాట పోలీసులు నమ్మర్రా. ఆ కార్డు సంగతి పల్లంరాజు చేతిలో పడితేనే నాకు ఉరి," అన్నాడు రాజేంద్ర. "సురేంద్రా, గేటు దగ్గర ఏడుస్తోందే, వీడి చెల్లెలు, దాన్ని లాక్కురా. గది ఇంకా చల్లగానే ఉంది."

జీవరాజు మోకాళ్ళ మీదకి లేచాడు.

"వద్దండి! చెప్తానండి. నేను మూసేలోపే వెళ్ళిపోయిందండి."

"అదీ! పల్లంరాజు చూసేశాడా?"

"భోజనానికి వెళ్ళుంటారండి. వచ్చాక చూస్తారు."

"తుడిచెయ్యి."

"ఇక్కడ తుడిస్తే అక్కడా పోద్దండి. కానీ ఫైర్‌వాల్ తెరవాలి. అది మీ చేతిలో పని."

రాజేంద్ర ఒళ్ళు అడ్డం పెట్టుకుని పాస్‌వర్డ్ కొట్టాడు. జీవరాజు విరిగిన వేలు పైకెత్తి, మిగతా వేళ్ళతో గబగబా ఏదో కొట్టాడు. తెర మీద ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకింది.

"అయిందా?"

"అయిందండి."

సురేంద్ర జీవరాజు వీపు మీద ఇంకొక్కటి చరిచాడు. "ముందే ఏడ్చుంటే వేలు మిగిలేది కదరా!"

జీవరాజు నోట్లోని నెత్తురు మింగాడు.

రాజమండ్రికి ఆ సంగతి చేరడం అదే మొదటిసారి.