సెకనులో పదోవంతు

“మళ్లీ వాడే,” అంది చెల్లెలు కంప్యూటరు చూస్తూ.

“ఎవరు, ఆ నత్తేనా?” అన్నాడు అన్న, షర్టు ఇస్త్రీ చేసుకుంటూ.

“సరిగ్గా పదోవంతు. వాడికి పనీపాటా లేదా?”

“నీకుందా?”

కారు పందేల ఆటలో ఆమె పేరు మెరుపు. తనే పెట్టుకున్న పేరు కాబట్టి ఎవరూ కాదనలేదు. పగలు పార్సిళ్ల గోదాములో ఉద్యోగం. సాయంత్రమైతే భోజనాల బల్లకి స్టీరింగు బిగించి, కాళ్ల దగ్గర పెడళ్లు పెట్టుకుని కూర్చునేది. ఆ రెండు గంటలు ఇంట్లో అందరూ కంచాలు ఒళ్లో పెట్టుకుని తినాల్సిందే.

నెలాఖరులోగా ఈ ఆటలో ఒక చుట్టుని నిమిషం ముప్ఫై రెండు సెకన్లలోపు పూర్తిచేస్తే నిజం కార్లు నడిపే ఒక రేసింగ్ జట్టు పరీక్షించి తీసుకుంటుంది. పాతికేళ్లు నిండితే తీసుకోరు. ఆమెకి వచ్చే నెలలో నిండుతాయి. ఇది పోతే జన్మంతా పార్సిళ్ల మీద చీటీలు అంటించుకోవడమే.

ఆమె ఏ టైము చేసినా, మర్నాడు పొద్దున్నకల్లా నత్త అనే పేరుతో ఎవరో సెకనులో పదోవంతు తగ్గించి ఆటలోని టైముల జాబితాలో పెట్టేవాడు.

ఎదుటివాళ్లు తిరిగిన చుట్టుని నీడ కారుగా తెచ్చుకోవచ్చు. అది మన ముందు పరిగెడుతుంది, గుద్దినా తగలదు. మెరుపు రోజూ నత్త నీడని తెచ్చుకుని పళ్లు నూరుతూ వెంటపడేది.

నీడ మలుపులకి ముందే బ్రేకు వేసేది.

“పిరికిపంద,” అనుకుంది మొదట్లో.

కానీ మలుపు దాటాక ఆ పిరికిపందే ముందుండేది. చేసేది లేక తనూ అక్కడే బ్రేకు వేసింది. టైము తగ్గింది. ఆ సంగతి అన్నకి కూడా చెప్పలేదు.

ఒకసారి నత్త నుంచి మెసేజీ వచ్చింది. “బ్రేకు గట్టిగా తొక్కడం అందరికీ వచ్చు. మెల్లగా వదలడం నేర్చుకో.”

“నిన్నెవరడిగారు?” అని జవాబు కొట్టింది.

అతను మళ్లీ రాయలేదు. నీడ మాత్రం రోజూ వచ్చేది.

గడువుకి ఒక రోజు ముందు ఆమె టైము నిమిషం ముప్ఫై ఒకటి పాయింటు తొమ్మిది అని పడింది. మెరుపు కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగింది. తర్వాత తీరిగ్గా కూర్చుని, కసి తీరా ఒక మెసేజీ పెట్టింది.

“ఇక లేవక్కర్లేదు నత్తా. హాయిగా పడుకో.”

మర్నాడు జాబితాలో నత్త టైము మారలేదు. ఆ తర్వాతా మారలేదు.

“రోషమొచ్చినట్టుంది,” అన్నాడు అన్న.

“పోనీ, పీడా పోయింది,” అందిగానీ, ఎందుకో పొద్దున లేవగానే జాబితా చూడటం మానలేకపోయింది.

జట్టు ఆమెని తీసుకుంది. మొదటి రోజు ఇంజనీరమ్మ ఆమెని రేసు కారు సీట్లో కూర్చోబెట్టి, తెర మీద రెండు గీతలు చూపించింది.

“నీకెవరు నేర్పారు?”

“ఎవరూ లేరండీ. సొంతంగానే.”

“కింది గీత నీ కాళ్లు. పైది ఈయన కాళ్లు. బ్రేకు తొక్కడం, వదలడం, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి చూడు.”

పై గీత పక్కన నత్త అని ఉంది.

“ఇది సూటి దారి. ఇక్కడ ఎవరూ యాక్సిలరేటరు మీంచి కాలు తీయరు. ఈయన తీశారు. రోజూ తీశారు, నీకు సరిగ్గా పదోవంతు ముందుండేలా. ఈయన అసలు టైము నిమిషం ఇరవై తొమ్మిది. అలా వెళ్తే నీడ నీకు కనబడకుండా పోయేది. నువ్వు విసుగొచ్చి మానేసేదానివి.”

మెరుపు సిగ్గుతో చచ్చిపోయింది.

“నేను... చాలా తప్పుగా రాశానండీ. క్షమించమని అడగాలి. ఎక్కడుంటారు?”

“జబ్బుతో ఇంట్లోనే నడిపేవారు, ఆ మధ్యాహ్నమే ఆస్పత్రిలో చేర్చాం. నీ మెసేజీ అక్కడ నేనే చదివి వినిపించాను. నీ టైము కూడా చెప్పాను. చాలా రోజుల తర్వాత నవ్వారు. తెల్లారేసరికి పోయారు.”

మెరుపు స్టీరింగు వదిలేసి ముఖం కప్పుకుని ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు.

“నువ్వు కూర్చున్న సీటు ఆరేళ్లు ఈయనదే,” అంది ఇంజనీరమ్మ తెర వైపే చూస్తూ. “ఈయనంటే, మా ఆయన.”