విప్పి కుట్టినవి

"రేపట్నుంచి ఈ షాపుకి ఇద్దరం అక్కర్లేదమ్మా," అన్నాడు టైలరు, మిషను మీద గుడ్డ కప్పుతూ.

చెల్లెలి చేతిలో కత్తెర ఆగిపోయింది. "నావల్ల ఏమైనా తప్పు జరిగిందా అన్నయ్యా?"

"నేను కుట్టినవి విప్పి, నాకు తెలీకుండా మళ్ళీ కుడుతున్నావు. ఎవరి కుట్టో తడిమితే తెలీదనుకున్నావా?"

ఆమె తల దించుకుంది. అతని చూపు మందగించిందన్న మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు వాదించే ఓపిక కూడా లేదు. సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికి? వెళ్ళేది నువ్వు కాదు." తాళంచెవులు ఆమె చేతిలో పెట్టాడు.

గుమ్మం దాకా నెమ్మదిగా నడిచి, వెనక్కి తిరిగాడు.

"ఇస్త్రీకి మనిషి కావాలంటే కబురు పెట్టు, వస్తాను. నేను నిన్ను కసిరినట్టు మాత్రం నన్ను కసరకు."