రన్‌వే పక్క ప్లాట్లు

“ఈ ఒక్క పూట మీ విమానం లేవకపోతే కొంపలేం మునగవు కదా మాస్టారూ?”

అక్క అప్పటికే బతిమాలే గొంతులోకి దిగింది. షెడ్డులో పీట మీద నిలబడి ఇంజను మూత బిగిస్తున్న గాలి మాస్టారు తల తిప్పలేదు. విమానం నడపడం నేర్పుతాడు కాబట్టి ఊళ్ళో ఆయనకా పేరు.

“ఇవాళ గాలి బాగుందమ్మా. లేవాల్సిందే.”

“ప్లాట్లు చూడటానికి టౌన్నించి జనం వస్తున్నారండీ. నెత్తిమీద ఈ మోత వింటే ఒక్కరు నిలబడరు.”

“మాకూ ముఖ్యమైన మనుషులే వస్తున్నారు.”

 అక్క కళ్ళతోనే నాలుగు చీవాట్లు పెట్టి వచ్చేసింది.

రన్‌వే కంచెకి ఇవతలున్న పొలం అక్క వాళ్ళ నాన్నది. నీళ్ళు పడక ఏళ్ళుగా బీడుగా ఉంది. అక్కా తమ్ముడూ కలిసి అక్కడ చిన్న కాలనీ వెయ్యాలనుకున్నారు. కనీసం పదిమంది కొంటామని ముందుకొస్తేనే అనుమతి సంగతి చూస్తామని ఆఫీసువాళ్ళు తేల్చేశారు. రాకపోతే గోడౌన్ల కంపెనీ కాచుక్కూర్చుంది. అది వస్తే నాన్న పెంచిన చెట్లన్నీ కొట్టేసి రేకుల షెడ్లు వేస్తుంది. 

తమ్ముడు సున్నంతో ప్లాట్లకి హద్దులు గీసి నంబర్లు వేశాడు. ఒక్కో నంబరూ మంచమంత ఉంది.

“ఇంతింత ఏంట్రా?” అంది అక్క.

“సున్నం మన గాలి మాస్టారు ఊరికే ఇచ్చాడక్కా. ఇంక చేతికి అడ్డేముంది?”

వ్యాను వచ్చి ఆగింది. ముందుగా దిగిన రిటైర్డ్ జడ్జిగారు గుండెనిండా గాలి పీల్చుకుని, “ఎంత ప్రశాంతంగా ఉందమ్మా,” అన్నాడు.

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే విమానం లేచింది. అందరి తలల మీదుగా వచ్చి, ఒక రెక్క వంచి, పొలం చుట్టూ తీరుబడిగా ఒక చుట్టు తిరిగి వెళ్ళింది.

“ఇది రోజూ ఉంటుందా?”

“అబ్బే, ఎప్పుడో అమావాస్యకీ పున్నానికీ,” అన్నాడు తమ్ముడు.

విమానం దిగింది. అందరూ చెవుల మీంచి చేతులు తీశారు. అది మళ్ళీ లేచింది.

“అమావాస్యా పున్నమీ రెండూ ఇవాళే వచ్చాయా నాయనా?” అంది జడ్జిగారి భార్య.

అక్క అదేం పట్టించుకోనట్టు ముందుకి నడిచింది. గొంతు చించుకుని అరుస్తూ, “ఇదుగో, ఇక్కడ వంటిల్లు వస్తుంది,” అని చూపించింది.

“ఒంటెలా?” అన్నాడు జడ్జిగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. “ఇక్కడ ఒంటెలెందుకమ్మా?”

చంటిపిల్లనెత్తుకుని వచ్చిన కుర్ర జంట ఒకటి ఉంది. విమానం మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల చప్పట్లు కొట్టి కేరింతలు పెట్టింది. అక్కకి కాస్త ఆశ పుట్టింది.

“దీనికైతే తెగ నచ్చిందండీ,” అన్నాడు పిల్ల తండ్రి మొహమాటంగా. “కానీ మా ఇద్దరివీ నైట్ డ్యూటీలు. పగలే పడుకోవాలి.”

జడ్జిగారు వ్యాను ఎక్కుతూ, “ఇల్లు చవగ్గానే వస్తుంది, చెవులే ఖరీదైపోతాయి,” అన్నాడు. మిగిలినవాళ్ళూ ఆయన వెనకే ఎక్కేశారు.

వ్యాను వెళ్ళిపోయాక కూడా విమానం లేస్తూనే ఉంది, దిగుతూనే ఉంది. అక్కా తమ్ముడూ చెట్టు కింద చతికిలబడి, వచ్చినవాళ్ళ కోసం తెచ్చిన టీ, బిస్కెట్లు ముందేసుకున్నారు. అక్క కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. తమ్ముడు ఓరగా చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఒంటెలెందుకమ్మా?” అన్నాడు.

అంతే, ఆపుకోలేక నవ్వేసింది. పొలమారి టీ ఒలికేదాకా ఇద్దరూ నవ్వారు.

“చిన్నప్పుడు ఆ విమానం నీడ పట్టుకుంటామని ఈ పొలమంతా పరిగెత్తేవాళ్ళం, గుర్తుందా?” అంది అక్క. “నాన్న పని ఆపేసి మరీ చూసేవాడు. ఆ చప్పుడు మనకెప్పుడూ మోతలా అనిపించలేదురా.”

“మనలాంటి పిచ్చోళ్ళు ఎక్కడ దొరుకుతారక్కా?”

విమానం చివరిసారి దిగి చల్లబడింది. కాసేపటికి కంచె గేటు తీసుకుని గాలి మాస్టారు వచ్చాడు. వెనకే ఓ ఇరవైమంది, ఆడా మగా. జుట్లు రేగిపోయి ఉన్నాయి, మొహాలు వెలిగిపోతున్నాయి. అక్క నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

“వచ్చినవాళ్ళందర్నీ తరిమేశారు. ఇప్పుడు తృప్తిగా ఉందా మాస్టారూ?”

“వెళ్ళిపోయారా? పోన్లే, మంచిదే అయింది,” అన్నాడాయన తాపీగా.

అక్కకి ఒళ్ళు మండింది. ఏదో అనబోయేంతలో నెరిసిన జుట్టు ఆవిడొకరు గుంపులోంచి ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

“మాస్టారిని ఏమీ అనకమ్మా. ఆయన దగ్గర నేర్చుకోవడానికి మేమంతా ఎక్కడెక్కడినుంచో పడి వస్తున్నాం. పొద్దుటినుంచీ ఒక్కొక్కళ్ళమే పైకెళ్ళి ఎవరి ప్లాటు వాళ్ళం చూసుకొచ్చాం.”